మూసుకున్న రెండు హాస్టళ్లు, తెరుచుకున్న ఒక ఇల్లు

డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పేరు వినగానే తెలుగు పాఠకుడు చివరి మాట దగ్గర ఒక క్షణం ఆగుతాడు. ఆ మాటను బట్టి ఆమె కులాన్ని, కలిమిని, బహుశా జిల్లాను కూడా ఊహించుకొని ముందుకు సాగుతాడు. ఆ ఊహ పూర్తిగా తప్పు. ఆ మాట వివాహంతో వచ్చింది. తండ్రి నారాయణస్వామి అయ్యర్ బ్రాహ్మణుడు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబంలో పుట్టిన స్త్రీ. ఆమెకు అత్తవారి మాట గౌరవాన్ని ఇచ్చింది, తండ్రి మాట చదువును ఇచ్చింది. తల్లి కులం మాత్రం బడి గడప మొదలుకొని శాసనమండలి వరకు ఆమె వెంట నడిచింది. ఆడపిల్లల క్రయవిక్రయాలపై దక్షిణ భారతంలో సాగిన తొలి శాసన పోరాటానికి ఆమె నాయకురాలు ఎట్లా అయిందో తెలుసుకోవాలంటే ఆ తల్లి నుంచే మొదలుపెట్టాలి.

1886 జూలై 30న పుదుక్కోట సంస్థానంలో ఆమె జన్మించింది. తండ్రి అక్కడి మహారాజా కళాశాలలో ప్రిన్సిపాల్‌గా పనిచేసిన విద్యావంతుడు. కులం కట్టు దాటి చంద్రమ్మాళ్‌తో జీవితం పంచుకున్నందుకు బంధువులు ఆయనను దూరం పెట్టారు. యుక్తవయస్సు రాగానే కూతురికి బడి మాన్పించవలసి వచ్చినా ఆయన చదువు మాన్పించలేదు, ఇంట్లోనే పాఠాలు చెప్పించాడు. త్వరగా పెళ్లి చేయాలని తల్లి తొందరపడింది. ఆ తొందరను ఛాందసమని కొట్టివేయడం సులభం. కాని ఏ వృత్తి గడప దాటి తాను బయటికి వచ్చిందో, ఆ వృత్తి తన కూతురి కోసం ఎక్కడో కాచుకొని ఉందని ఎరిగిన తల్లికి పెళ్లి ఒక్కటే రక్షణగా తోచి ఉంటుంది.

ప్రైవేటుగా మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణురాలైన ఆ అమ్మాయి 1904లో మహారాజా కళాశాలలో ప్రవేశం కోరగా ఊరంతా అభ్యంతరం చెప్పింది. ఆడపిల్ల కావడం ఒక అభ్యంతరం. దాసి కూతురు వచ్చి కూర్చుంటే మగపిల్లల శీలం చెడిపోతుందన్నది రెండవది, అసలైనది. ఈ వాదంలోని తిరకాసును గమనించాలి. దేవదాసి ఇంటికి రాకపోకలు సాగించేది ఆ ఊరి పెద్దమనుషులు. చెడగొట్టే శక్తి మాత్రం పద్దెనిమిదేళ్ల విద్యార్థినికి అంటగట్టారు. రాజు మార్తాండ భైరవ తొండైమాన్ ప్రవేశానికి అనుమతించాడు. ఆమె మూసిన బండిలో కళాశాలకు వెళ్లింది, తరగతిలో తెర వెనుక కూర్చొని పాఠం విన్నది. 1907లో మద్రాసు వైద్య కళాశాలలో చేరి 1912లో పట్టం పుచ్చుకొని, ఎగ్మూరులోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో హౌస్ సర్జన్ అయింది.

1914లో శస్త్రవైద్యుడు డాక్టర్ సుందర రెడ్డిని వివాహమాడింది. 1872 నాటి వివాహ చట్టం కింద, పురోహితుడు లేకుండా, తనను సమానురాలిగా చూడాలనీ తన పనులకు అడ్డు రాకూడదనీ ముందుగానే షరతు పెట్టి మరీ చేసుకున్న పెళ్లి అది. వర్ణాంతర వివాహానికి ఆనాటి హిందూ న్యాయంలో చోటు అంతంత మాత్రమే కనుక ఆ చట్టమే దిక్కయింది. ఆ తరువాత పదేళ్లు ఆమె మద్రాసులో పేరున్న వైద్యురాలు, ఇద్దరు కుమారుల తల్లి. 1925లో ప్రభుత్వ విద్యార్థి వేతనంతో ఇంగ్లండు వెళ్లి స్త్రీల, శిశువుల వ్యాధులలో ప్రత్యేక శిక్షణ పొందింది. 1926లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ మహిళా సభకు హాజరైంది.

తిరిగి వచ్చిన కొద్దికాలానికే మహిళా భారత సంఘం ఆమె పేరును మద్రాసు శాసనమండలికి సూచించింది. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. వైద్యవృత్తి దెబ్బతింటుందని, రాజకీయాలు తనకు తెలియవని సంకోచించింది. మహాపురుషుల చరిత్రలలో ధ్యేయం మెరుపులా తడుతుంది. ఈమె విషయంలో అది ఇతరుల బలవంతంతో అంగీకరించిన ఒక నియామకంగా వచ్చింది. 1926 చివర సభ్యురాలై, 1927లో ఏకగ్రీవంగా ఉపాధ్యక్షురాలైన ఆమె బ్రిటిష్ ఇండియాలో తొలి మహిళా శాసనసభ్యురాలు. ఎన్నికై వచ్చినది కాదు, నియమితురాలు. ఆ నియామకాన్ని చాలామంది అలంకారంగానే భావించారు. ఆమె మాత్రం మొదటి ఏడాది ముగియకముందే, 1927 నవంబరులో, ఆలయాలకు బాలికలను అంకితం చేసే ఆచారాన్ని ప్రభుత్వం అరికట్టాలని తీర్మానం ప్రవేశపెట్టింది.

ఆనాటికి చట్టం అసలే లేకపోలేదు. మైనరు బాలికను వ్యభిచారం కోసం అమ్మడం, కొనడం నేరమని భారత శిక్షాస్మృతిలోని 372, 373 సెక్షన్లు 1860 నుంచీ చెబుతూనే ఉన్నాయి. 1924లో వయఃపరిమితిని పద్దెనిమిదేళ్లకు పెంచారు కూడా. కాని ఆ సెక్షన్ల కింద శిక్ష పడాలంటే ఉద్దేశం రుజువు కావాలి. గుడిలో జరిగేది పెళ్లి. పురోహితుడు ఉంటాడు, తాళి ఉంటుంది, వరుడు దేవుడు. అమ్మకం జరిగేది ఆ తరువాత, ఇంట్లో, కన్నెరికం పేరుతో. అమ్మేది తల్లో, పెంచుకున్న తల్లో అయినప్పుడు ఫిర్యాదు చేసేవారు ఎవరు? పేద కులాల నుంచి పసిపిల్లలను కొని తెచ్చి దత్తత పేరిట పెంచే ఆచారమూ ఉండేది. మతం ముందు గుమ్మంలో నిలబడి, వ్యాపారం దొడ్డిదారిన సాగే ఈ ఏర్పాటును శిక్షాస్మృతి తాకలేకపోయింది.

ముత్తులక్ష్మి మొదట పట్టుకున్నది నీతిని కాదు, భూమిని. ఆమె కృషిలో నాకు అన్నిటికంటె గొప్పగా కనిపించేది ఇదే. దేవదాసీ కుటుంబాలకు ఆలయ సేవ నిమిత్తం ఈనాం భూములు ఉండేవి. సేవ చేసే మనిషి ఉన్నంతకాలమే మాన్యం నిలుస్తుంది. అంటే ఆ పొలం ప్రతి తరంలోనూ ఒక ఆడపిల్లను అడుగుతుంది. పిల్లకు పెళ్లి చేస్తే భూమి పోతుంది, భూమి నిలవాలంటే పిల్లను ఇవ్వాలి. ఈ ముడి విప్పకుండా ఎన్ని నీతిబోధలు చేసినా ఏ తల్లీ వినలేదని ఆమె గ్రహించింది. 1926 నాటి హిందూ దేవాదాయ చట్టానికి 1929లో వచ్చిన సవరణ ఆ షరతును తొలగించింది. సేవ అనే బంధం తెగి, భూమి ఆ స్త్రీల చేతిలో నిలిచే వీలు కలిగింది. సంస్కరణ పేరుతో ఉన్న జీవనాధారం ఊడగొట్టకుండా, ఆ ఆధారాన్ని దాస్యం నుంచి వేరుచేసిన చట్టాలు మన చరిత్రలో అరుదు.

1930లో మద్రాసు ప్రెసిడెన్సీలో అవినీతి వ్యాపార నిరోధక చట్టం వచ్చింది. వేశ్యాగృహాలు నడిపేవారిని, బాలికలను చేరవేసే దళారులను శిక్షించడం దాని లక్ష్యం. ఆ చట్టం వెనుక మండలిలో గట్టిగా నిలిచినవారిలో ఆమె ముఖ్యురాలు. అంకితాన్నే నేరంగా ప్రకటించే బిల్లును అదే ఏడాది ఆరంభంలో ఆమె ప్రవేశపెట్టగా, దానిని ప్రజాభిప్రాయానికి పంపారు. ఆ అభిప్రాయాలలోనే నాటి సమాజం తన ముఖం తాను చూసుకుంది.

వ్యతిరేకత రెండు వైపుల నుంచి వచ్చింది. వాటిని ఒకే గాటన కట్టడం అన్యాయం. మొదటిది సనాతన జాతీయవాదులది. కాంగ్రెసు నాయకుడు ఎస్. సత్యమూర్తి వంటి మేధావి కూడా ఆలయ సంప్రదాయం పేరిట, కళ పేరిట ఈ సంస్కరణను ప్రతిఘటించాడు. ఆ కళను, ఆ సంప్రదాయాన్ని మోయవలసినది మాత్రం ఎప్పుడూ ఇతరుల ఆడపిల్లలే. పెరియార్ ఆత్మగౌరవోద్యమం బిల్లును బలపరిచింది. దేవదాసీ జీవితం నుంచి బయటపడిన మూవలూరు రామామృతం అమ్మాళ్ ఊరూరా తిరిగి ప్రచారం చేసింది. గాంధీ తన పత్రిక ద్వారా మద్దతు తెలిపాడు. ఆయనకు ఈ ప్రశ్న ఎదురైన చోట్లలో మన కాకినాడ ఒకటి. 1921లో ఆయన అక్కడికి వచ్చినప్పుడు దేవదాసీలను ఆయన ముందుకు తీసుకురావడానికి పట్టుదలతో పనిచేసిన పన్నెండేళ్ల బాలికే తరువాతి కాలపు దుర్గాబాయి దేశ్‌ముఖ్. కళావంతుల ఇంట పుట్టిన యామినీ పూర్ణతిలకం ఆ ఆచారానికి ఎదురు తిరిగి మద్రాసులో స్త్రీలకు ఆశ్రయం ఏర్పరచింది.

రెండవ వ్యతిరేకత దేవదాసీలది. బెంగళూరు నాగరత్నమ్మ వంటివారు సంఘంగా ఏర్పడి ప్రభుత్వానికి విన్నపాలు సమర్పించారు. తాము వేశ్యలం కామనీ, తమలో కొందరి పతనాన్ని చూపి కులమంతటినీ నేరస్థులుగా ముద్రవేయవద్దనీ, చేతనైతే తమ పిల్లలకు విద్య, శాస్త్రం, సంగీతం నేర్పే ఏర్పాట్లు చేయమనీ వారు కోరారు. ముద్దుపళని రాధికాసాంత్వనాన్ని 1910లో పరిష్కరించి ప్రచురించినది ఈ నాగరత్నమ్మే. దానిని అశ్లీలమని ప్రభుత్వం నిషేధిస్తే, ఆ కవయిత్రిని అంతకుముందే ఈసడించినవాడు మన వీరేశలింగం. సంస్కర్తలంతా ఒకే పక్షాన ఉండి దేవదాసి ఒక్కతే ఎదుటి పక్షాన నిలబడిన సందర్భాలు తెలుగు సాహిత్యంలోనే ఉన్నాయి. నాగరత్నమ్మ అడిగినదాంట్లో సగం న్యాయం ఉంది. ఆస్తి తల్లి నుంచి కూతురికి సంక్రమించే హక్కు, పెంచుకునే హక్కు, చదివే హక్కు ఆనాడు కులస్త్రీలకు వీరికి ఉన్నంతగా లేవు. ఆచారంతో పాటు ఆ హక్కులూ పోతే నష్టపోయేది ఎవరన్న ప్రశ్నకు సంస్కర్తల వద్ద తృప్తికరమైన సమాధానం లేదు.

ముత్తులక్ష్మి ఆ విన్నపాలను సానుభూతితో విన్నట్టు కనిపించదు. ఆమె ప్రసంగాలలో వైద్యురాలే ముందు మాట్లాడుతుంది. సుఖవ్యాధులు, జాతి ఆరోగ్యం, శీలశుద్ధి అన్న మాటలు అడుగడుగునా వస్తాయి. అవి ఆ కాలపు మధ్యతరగతి మాటలు. ఎదుటి స్త్రీని బాధితురాలిగానో రోగిగానో చూడగలవు గాని, వాదం చేయగల మనిషిగా చూడలేవు. 1932 చివర బొబ్బిలి రాజా ముఖ్యమంత్రి అయిన సందర్భంలో ఏర్పాటైన నాట్య ప్రదర్శనను ఆమె పత్రికలలో ఖండించగా, ఆ నాట్యం కళ అంటూ ఇ. కృష్ణ అయ్యర్ బదులిచ్చాడు. ఆ వివాదం ఎట్లా పరిష్కారమైందో మనకు తెలుసు. కొద్ది ఏళ్లలోనే సదిరాట భరతనాట్యమనే పేరు దాల్చి అగ్రకుల కన్యల వేదికనెక్కింది. దానిని తరతరాలుగా నిలిపిన స్త్రీలు నేరస్థుల జాబితాలో మిగిలారు. ముత్తులక్ష్మి కోరినది అది కాదు. కాని ఆమె నరికిన చెట్టు పండ్లు ఎవరి బుట్టలో పడ్డాయో చెప్పకపోతే ఈ కథ అసంపూర్ణం.

ఇదంతా సభల్లో, పత్రికల్లో జరిగిన పని. ఆమె జీవితాన్ని మరలిరాని మలుపు తిప్పినది ఒక మామూలు ఘటన. 1930 ప్రాంతంలో దేవదాసీ కుటుంబాల నుంచి తప్పించుకొని వచ్చిన కొందరు బాలికలు ఆశ్రయం కోరుతూ ఆమె తలుపు తట్టారు. మండలిలో ఆమె చేస్తున్న పని విని వచ్చినవారు. ఆమె వారిని చదివించదలచి నగరంలోని బాలికల హాస్టళ్లను సంప్రదించింది. బ్రాహ్మణ బాలికల హాస్టలు కాదన్నది. బ్రాహ్మణేతర బాలికల హాస్టలూ కాదన్నది. ఆ సమయానికి మద్రాసు రాజకీయమంతా ఈ రెండు వర్గాల వైరంపైనే నడుస్తోంది. ఉద్యోగాలలో వాటాలు, సీట్లలో వాటాలు, పత్రికలలో దూషణలు. అన్నింటా విభేదించిన ఆ రెండు వర్గాలు దాసి కూతురిని గుమ్మంలో నిలిపివేయడంలో మాత్రం ఏకమయ్యాయి.

ఇరవై ఆరేళ్ల క్రితం పుదుక్కోటలో తన విషయంలో విన్న అభ్యంతరమే ఆమె మళ్లీ విన్నది. ఆనాడు రాజు ఒకడు కలుగజేసుకొని తెర కట్టించాడు. ఈ పిల్లలకు రాజు లేడు. బాలికను విముక్తురాలిని చేసే చట్టం తెచ్చినంత మాత్రాన ఆ రాత్రి ఆమె ఎక్కడ నిద్రపోతుందో చట్టం చెప్పదని ఆమెకు అర్థమై ఉంటుంది. పిల్లలను తన ఇంట్లోనే ఉంచుకుంది. అలా మొదలైనదే అవ్వై ఇల్లం. తరువాత అడయారుకు చేరి బడిగా, హాస్టలుగా, ఉపాధ్యాయ శిక్షణ కేంద్రంగా పెరిగింది. కులం అడగకూడదన్నది అక్కడి నియమం. అనాథలు, వదిలివేయబడిన స్త్రీలు, బాలవితంతువులు, వ్యభిచార గృహాల నుంచి విడిపించిన బాలికలు అక్కడ చదువుకొని ఉపాధ్యాయినులుగా, నర్సులుగా బతుకులు నిలబెట్టుకున్నారు.

అదే 1930లో ఉప్పు సత్యాగ్రహ సందర్భంగా గాంధీని నిర్బంధించినప్పుడు ఆమె మండలి సభ్యత్వానికి రాజీనామా చేసింది. దేశభక్తుల దృష్టిలో అది త్యాగం. దేవదాసీ బిల్లు దృష్టిలో నష్టం. నడిపించేవారు లేక ఆ బిల్లు అటకెక్కింది. మళ్లీ అది చట్టమయ్యేసరికి పదిహేడేళ్లు గడిచాయి. ఆ పదిహేడేళ్లలో ఎందరు పిల్లలు గుడిమెట్లు ఎక్కారో ఎవరూ లెక్కపెట్టలేదు. ఆమె రాజీనామా సరైనదా కాదా అన్నది విద్యార్థులు వాదించుకోదగ్గ ప్రశ్న. జాతి పిలుపుకూ, తన చేతిలో ఉన్న పనికీ మధ్య ఎంచుకోవలసి వచ్చిన ప్రతి తరమూ దానిని ఎదుర్కొంటుంది.

1947లో మద్రాసు దేవదాసీ అంకిత నిరోధక చట్టం వచ్చింది. ఆ చట్టంలో తెలుగువారు తప్పక చదవవలసిన నిబంధన ఒకటి ఉంది. ఊరేగింపులలో మేళం ఆడిన స్త్రీ ఆ కారణంగా వ్యభిచార వృత్తిలో చేరినట్లే భావించే కులాచారం చెల్లదని చెబుతూ కొన్ని కులాలను పేర్కొన్నారు: బోగం, కళావంతుల, సాని, నాగవాసులు, దేవదాసి, కూర్మపులు. తమిళ రాజధానిలో తయారైన చట్టంలో పేర్లు చాలా వరకు తెలుగువే. ఇది పొరుగువారి కథ అనుకునేవారు ఈ జాబితాను చూడాలి. ఆంధ్రలో 1956 సవరణ మరింత ముందుకు పోయి పెళ్లిళ్లలో, వేడుకలలో మేజువాణీలనూ నిషేధించింది. కోస్తా జిల్లాల కళావంతుల స్త్రీలకు భూమి అంతంత మాత్రం, ఆట ఒక్కటే కూడు. దానికి ప్రత్యామ్నాయం ఎవరూ చూపలేదు.

మద్రాసు చట్టం చేరని మరో లోకం నిజాం రాజ్యంలో ఉంది. మాల, మాదిగ ఇళ్ల ఆడపిల్లలను ఎల్లమ్మ, పోచమ్మల పేరిట జోగినులుగా విడిచి ఊరి పెత్తందార్లకు అప్పగించే ఆచారం అక్కడ ఉంది. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల నుంచే బసివి, మురళి, జోగిని ఆచారాలపై తన ప్రజలలోనే ప్రచారం సాగించాడు. ఆయనకు శాసనమండలి లేదు, ఉన్నది మాదిగవాడలు, మాలవాడలు, హరికథలు, సభలు. ముత్తులక్ష్మి, భాగ్యరెడ్డి వర్మ ఇద్దరూ సమకాలికులు. పుట్టుక తేడా రెండేళ్లే. ఒకరి పని చరిత్ర పుస్తకాలలోకి ఎక్కింది, రెండవది దళితోద్యమ స్మృతిలోనే మిగిలింది. జోగినీ ఆచారంపై రాష్ట్రమంతటికీ వర్తించే చట్టం 1988లో గాని రాలేదు. ఆ కాలంలో నిజామాబాదు జిల్లా వర్ని ప్రాంతంలో జోగినుల పిల్లల కోసం చెల్లి నిలయం నడిపిన హేమలతా లవణం, మహాకవి జాషువా కూతురు.

ముత్తులక్ష్మి చివరి దశాబ్దాలు ప్రధానంగా క్యాన్సర్ ఆసుపత్రి కోసం గడిచాయి. చెల్లెలు క్యాన్సర్‌తో మరణించినప్పటి నుంచి ఆ సంకల్పం ఆమెలో ఉంది. 1952లో నెహ్రూ శంకుస్థాపన చేయగా 1954లో అడయారులో ఆ సంస్థ పని మొదలుపెట్టింది. 1956లో పద్మభూషణ్ వచ్చింది. స్త్రీల, బాలికల వ్యాపారాన్ని దేశవ్యాప్తంగా నిషేధించిన కేంద్ర చట్టం కూడా ఆ ఏడాదిదే. 1968 జూలై 22న ఆమె మరణించింది.

చట్టం పేర్కొన్న కులాల వారసులు ఆ పేర్లను వదిలించుకున్నారు. తమిళనాడులో ఇసై వేళాళర్లయ్యారు, కోస్తాంధ్రలో సూర్యబలిజలయ్యారు. ఆ ఇళ్ల పిల్లలు ఇవాళ హాస్టలు సీటు కోసం కుల ధ్రువపత్రం తీసుకోవాలంటే ప్రభుత్వ వెనుకబడిన తరగతుల జాబితా చూడాలి. అందులో సూర్యబలిజ అన్న మాట పక్కన, బ్రాకెట్లలో, కళావంతుల అనే పేరు చేర్చి రాశారు.